వార్షిక నివేదిక: చలికాలంలో మన ఎస్‌టీపీ

సభ్యులందరికీ నమస్కారం.

లిఫ్టుల ఏఎంసీ రెన్యువల్ అయింది. బీ బ్లాక్ టెర్రస్ లీకేజీ పని పూర్తయింది. వినాయక చవితి చందాల లెక్క నోటీసు బోర్డులో పెట్టాం. ఈ ఏడాది కమిటీకి అన్నిటికంటే ఎక్కువ టెన్షన్ పెట్టింది మాత్రం ఎస్‌టీపీయే, అంటే మన మురుగునీటి శుద్ధి ప్లాంటే. డిసెంబరు నుంచి ఫ్లష్ ట్యాంకుల్లోకి మడ్డి నీళ్లు వస్తున్నాయని వాట్సాప్ గ్రూపులో ఎంత గోల జరిగిందో అందరికీ తెలుసు. అందుకే దీని గురించే వివరంగా రాస్తున్నాం.

మురుగునీటిని శుభ్రం చేసేది బ్యాక్టీరియా. అవి గాలి పంపే ఏరేషన్ ట్యాంకులో మురికిని తిని, గుంపులు కట్టి, గోధుమరంగు స్లడ్జ్‌గా తయారవుతాయి. ఆ స్లడ్జ్ తర్వాతి ట్యాంకైన క్లారిఫైయర్ అడుక్కి దిగితేనే పైన తేట నీళ్లు మిగులుతాయి. దిగకపోతే ఫిల్టర్లు పూడుకుపోతాయి, మిగిలిన మడ్డి మన బాత్రూముల దాకా వస్తుంది.

పటాన్‌చెరు వైపు చలికాలం రాత్రుళ్లు 10 డిగ్రీల లోపుకి పడిపోవడం మామూలే. మన ట్యాంకులు ఆరుబయట ఉన్నాయి, అర్ధరాత్రి దాటాక కొత్త నీళ్లు కూడా పెద్దగా రావు. చల్లబడినకొద్దీ నీళ్లు చిక్కనవుతాయి. 30 డిగ్రీలతో పోలిస్తే 20 డిగ్రీల దగ్గర ఆ చిక్కదనం పావు వంతు ఎక్కువ, స్లడ్జ్ దిగడం కూడా ఆ మేరకు ఆలస్యమవుతుంది. అయినా నెపమంతా చలి మీద నెట్టేయడం మాకు నచ్చలేదు. స్విట్జర్లాండ్, డెన్మార్క్ లాంటి చోట్ల ఇంతకంటే చల్లటి నీళ్లతోనే ప్లాంట్లు నడుపుతున్నారు.

అందుకని రోజూ పొద్దున్నే జాడీ పరీక్ష మొదలుపెట్టించాం. ఏరేషన్ ట్యాంకు నీళ్లు లీటరు కొలజాడీలో పోసి అరగంట కదపకుండా ఉంచాలి. స్లడ్జ్ బాగుంటే 200, 300 మిల్లీలీటర్ల గీతల మధ్యకి దిగుతుంది. మనది సగానికి కూడా దిగలేదు, ఏకిన దూదిలా ఉబ్బి నిలబడింది. శుద్ధి చేసిన నీళ్లు సగానికి సగం కలిపి మళ్లీ చూశాం. స్లడ్జ్ మరీ ఎక్కువై దిగకపోతుంటే, పల్చన చేయగానే చకచకా దిగాలి. ఇది అప్పుడూ నత్తనడకే. ల్యాబ్‌కి పంపితే, మైక్రోస్కోపులో గుంపుల మధ్య పొడవాటి పోగులు కనిపించాయి. ఈ పోగు బ్యాక్టీరియా పెరిగితే గుంపులు దగ్గర పడవు.

ఇవి పెరగడానికి మన దగ్గర రెండు కారణాలు దొరికాయి. ఒకటి, చప్పుడు భరించలేకపోతున్నామని ఏ బ్లాక్ వాళ్లు చెప్పడంతో ఆపరేటర్ రాత్రిపూట ఏరేషన్ ట్యాంకుకి గాలి పంపే బ్లోయర్ ఆపేస్తున్నాడు. వాళ్ల బాధా నిజమే. కానీ గాలి అందకపోతే ముందు బలిసేవి ఈ పోగులే. రెండోది వంటింటి నూనె. ఐరోపా ప్లాంట్లను చలికాలం సతాయించే మైక్రోథ్రిక్స్ పార్విసెల్లాకి కొవ్వే ఆహారం, చల్లటి నీళ్లంటే ప్రీతి. మన పోగు ఏ జాతిదైనా నూనె తగ్గించక తప్పదు.

బ్లోయర్‌కి చప్పుడు తగ్గించే పెట్టె చేయించి, రాత్రుళ్లు కూడా టైమర్ మీద నడిపిస్తున్నాం. తెల్లవారుజామున మీటరు పెడితే లీటరుకి 2 మిల్లీగ్రాముల ఆక్సిజన్ ఉండాలన్నది షరతు. వంటింటి నీళ్లలోని నూనెని ఆపే గ్రీజ్ ట్రాప్‌ని వారం వారం శుభ్రం చేయిస్తున్నాం. క్లారిఫైయర్‌లో స్లడ్జ్ పేరుకోకుండా, దాన్ని ఏరేషన్ ట్యాంకుకి తిప్పి పంపే రిటర్న్ పంపు తరచుగా నడుపుతున్నాం. సగం స్లడ్జ్ ట్యాంకర్‌తో తోడించేద్దామని మెయింటెనెన్స్ కాంట్రాక్టర్ అన్నాడు, మేం ఒప్పుకోలేదు. చలిలో బ్యాక్టీరియా నెమ్మదిగా పెరుగుతుంది, పోయినది తిరిగి రావడానికి వారాలు పడుతుంది. రోజుకి కొద్దికొద్దిగా తీయించాం. రిటర్న్ స్లడ్జ్‌లో క్లోరిన్ కలిపితే పోగులు చస్తాయన్నది నిజమే, కానీ మోతాదు తప్పితే పనికొచ్చే బ్యాక్టీరియా కూడా పోతుంది. అందుకే ఆ జోలికి పోలేదు. స్లడ్జ్ దగ్గర పడి దిగేలా చేసే పాలీ అల్యూమినియం క్లోరైడ్ అనే రసాయనం మాత్రం కొన్నాళ్లు కొద్ది మోతాదులో వాడాం.

ఫిబ్రవరికి జాడీలో గీత దిగింది, నీళ్లు తేటపడ్డాయి. ఎండలు ముదరడం కూడా కలిసొచ్చింది కాబట్టి ఘనతంతా మాదే అనలేం.

వచ్చే చలికాలానికి దీపావళి నుంచే జాగ్రత్త పడతాం. జాడీ రిజిస్టరు సెక్యూరిటీ గది దగ్గర ఉంటుంది, ఎవరైనా చూడొచ్చు. వాడిన నూనె కోసం అక్కడే డ్రమ్ము పెడుతున్నాం. ముఖ్యంగా సంక్రాంతికి అరిసెలు, చక్రాలు వండాక మిగిలిన నూనె దయచేసి సింకులో పోయకండి, ఏడాదిలో బాగా చలి ఉండేది అప్పుడే. క్లారిఫైయర్ మీద షీట్లు వేయించడానికి కొటేషన్లు తెప్పిస్తున్నాం. వాటిని జనరల్ బాడీ ముందు పెడతాం, ఖర్చు పెట్టాలో వద్దో మీరే తేల్చాలి.

కార్యవర్గం