మార్సెయ్ అంటే జేబుదొంగలేనా?

అయ్యా,

మీ ఆదివారం అనుబంధంలో ఫ్రాన్స్‌లోని రేవు పట్టణం మార్సెయ్ మీద వచ్చిన యాత్రా వ్యాసం చదివి, ఎవరైనా జవాబు రాస్తారేమోనని ఇన్నాళ్లూ ఆగాను. ఎవరూ రాయలేదు. పేజీ నిండా ఫోటోలు, మధ్యలో నాలుగు పేరాలు, వాటిలో సగం జేబుదొంగలూ మత్తుమందుల ముఠాలే. అవి లేవని నేననను. ఉత్తరం పేటల్లో ముఠాల కాల్పులకు కుర్రాళ్లు చచ్చిపోతున్నారు. కానీ ఒక ఊరి గురించి చెప్పాల్సింది అంతేనా? మా అమ్మాయి అక్కడ చదువుకునే రోజుల్లో నేనూ కొంతకాలం ఆ ఊళ్లో ఉన్నాను. అందుకే కడుపు మండి రాస్తున్నాను.

పాత రేవులో విహార పడవలు, హోటళ్లు తప్ప ఏమీ లేవన్నారు. పొద్దున్నే వెళ్తే కదా తెలిసేది! జాలర్లు తెచ్చిన చేపల్ని అక్కడే గట్టు మీద లోతులేని తొట్లలో పెట్టి అమ్ముతారు. కొన్ని ఇంకా కొట్టుకుంటూనే ఉంటాయి. ఒకావిడ రాస్కాస్ అనే ముళ్ల చేపకి పొలుసు గీకి, మొప్పలు తీసి, ముక్కలు కోసి, తలకాయ వేరే పొట్లం కట్టి ఓ ముసలమ్మ సంచిలో పెట్టడం చూశాను. మా విశాఖ ఫిషింగ్ హార్బర్‌లో బేరం ఎలా సాగుతుందో అక్కడా అంతే. మీ వ్యాసం ‘రాజభోజనం’ అన్న బుయాబేస్ అసలు అమ్ముడుపోని రాతి చేపలతో జాలర్లు వండుకున్న పులుసు. అది ఖరీదైన హోటళ్లకెక్కింది తర్వాత. 1880 నుంచీ రేవుకి అడ్డంగా జనాన్ని దాటిస్తున్న చిన్న ఫెర్రీని ‘లాంచీ షికారు’ అని రాశారు. కూరగాయల సంచులతో ఎక్కేవాళ్లకి అది షికారా?

ఇంకో పెద్ద తప్పు. రేవు పక్కనున్న పాత పేట రెండో ప్రపంచ యుద్ధంలో బాంబులకు నేలమట్టమైందని రాశారు. 1944లో ఊరి మీద మిత్రరాజ్యాల బాంబులు పడ్డ మాట నిజమే. ఆ పేట మాత్రం అంతకు ముందే, 1943 మొదట్లో పోయింది. జర్మన్లు ఫ్రెంచి పోలీసుల సాయంతో సుమారు 20,000 మందిని ఖాళీ చేయించి, ఇళ్లను డైనమైట్లతో పేల్చేశారు. యూదుల్ని రైళ్లెక్కించి నిర్బంధ శిబిరాలకి పంపారు. ఇది చిన్న పొరపాటా?

‘పాత ఇళ్ల అందం’ అని మురిసిపోయారు కదా, ఆ రేవుకి నడిచి వెళ్లేంత దూరంలోనే 2018 నవంబరు 5న ఒబాన్ వీధిలో రెండు పాత ఇళ్లు కూలి 8 మంది చనిపోయారు. గోడలు బీటలిస్తున్నాయని అద్దెకున్నవాళ్లు ముందే మొత్తుకున్నారు. వినే నాథుడు లేడు. కూలాక మాత్రం అధికారులు పరుగులు పెట్టి వేలమందిని ఇళ్లు ఖాళీ చేయించారు. ముందే ఇంజనీరుని పంపితే ఏం పోయేది? ఎక్కడ చూసినా ఇదే తంతు. ప్రాణాలు పోతే గానీ ఫైలు కదలదు.

పోనీ, తెలుగు పాఠకుడికి ఆ ఊరితో ఉన్న సంబంధమైనా చెప్పారా? 1914 సెప్టెంబరులో మన సిపాయిలు ఓడలు దిగి యుద్ధానికి నడిచింది అక్కడే. ఆ ఊళ్లోని మజార్గ్ శ్మశానంలో వాళ్ల స్మారకం ఉంది. 1910లో ఓడలోంచి సముద్రంలోకి దూకిన సావర్కర్‌ని పట్టుకున్నదీ, 1931లో రౌండ్ టేబుల్ సమావేశానికి వెళ్తూ గాంధీ దిగిందీ ఆ ఊళ్లోనే. 2025 ఫిబ్రవరిలో మన కాన్సులేట్ కూడా అక్కడ తెరిచారు. ఇవి వెతకడానికి విమానం టికెట్ కూడా అక్కర్లేదు.

ఒకప్పుడు మీ పత్రికలో యాత్రా వ్యాసాలు కత్తిరించి దాచుకునేవాళ్లం. ఇప్పుడు హోటల్ రేట్లు, సెల్ఫీ పాయింట్లు! వచ్చే ఆదివారం అదే పేజీలో, కనపడేంత అక్షరాలతో, కనీసం 1943 సంగతికైనా సవరణ వేయండి.

– ఒక పాఠకుడు, విశాఖపట్నం