మా కుక్కను పట్టుకెళ్తే చీటీ అయినా ఇవ్వరా? మున్సిపల్ మంత్రి గారికి బహిరంగ లేఖ

తెలంగాణ పురపాలక శాఖ మంత్రి గారికి నమస్కారం.

మా చిట్టికి తొమ్మిదేళ్లు. దానికి ఫిట్స్ ఉన్నాయి, పొద్దున ఒక మాత్ర, రాత్రి ఒకటి పడాల్సిందే, ఉన్నట్టుండి ఆపితే తిరగబెడుతుందని డాక్టర్ గారు మొదటిరోజే గట్టిగా చెప్పారు. ఆ మధ్య నీళ్ల ట్యాంకర్ వచ్చినప్పుడు గేటు తెరిచి ఉంది, చిట్టి రోడ్డెక్కింది, అంతలోనే కుక్కల బండి వచ్చి వల వేసి తీసుకుపోయింది. మెడలో ఎర్ర బెల్టు, దానికి మా ఫోన్ నంబరున్న బిళ్ల ఉన్నా ఒక్క ఫోన్ చేయలేదు. ఎదురింటి పిల్లాడు చూడకపోతే మాకు తెలిసేదే కాదు.

గేటు వేయకపోవడం మా తప్పే, జరిమానా వేస్తే కడతాం. 2023లో అంబర్‌పేటలో నాలుగేళ్ల బాబును కుక్కలు చంపేసిన సంగతి మర్చిపోయి మాట్లాడటం లేదు. కుక్కలను పట్టొద్దని కూడా అనడం లేదు. కానీ షెల్టర్ దగ్గర మా అమ్మ గేటు చువ్వల్లోంచి మాత్రల షీటు చూపిస్తూ "ఈ ఒక్కటి వేయండయ్యా, తర్వాత మీ ఇష్టం" అని బతిమాలుతుంటే, రేపు రండి అన్నారు. ఆ రేపు కూడా అదే మాట. మూడో రోజు ఇచ్చారు. బెల్టు లేదు. నాలుక అంచు కొరుక్కుని ఉంది, అంటే లోపల ఫిట్స్ వచ్చాయన్నమాట.

ఏ మున్సిపాలిటీ అని రాయడం లేదు, ఎందుకంటే అడిగేది ఒక్క ఊరి కోసం కాదు. కుక్కల జనన నియంత్రణపై 2023లో కేంద్రం తెచ్చిన నిబంధనల ప్రకారం వీధికుక్కకు కూడా నంబరు ట్యాగ్ వేయాలి, ఎక్కడ పట్టారో రాసుకోవాలి. చట్టం ఇచ్చిన అధికారం లేకుండా ఎవరి ఆస్తీ తీసుకోకూడదని రాజ్యాంగం 300ఎ అధికరణ చెబుతోంది, చట్టం దృష్టిలో పెంపుడు కుక్క యజమాని ఆస్తే. బండి టోయింగ్ చేస్తే చలానా వస్తుంది, సామాను జప్తు చేస్తే పంచనామా రాస్తారు, మరి ప్రాణమున్న దాన్ని తీసుకెళ్తే కాగితం ముక్క ఉండదా?

పైగా 2025 నవంబర్ 7న సుప్రీంకోర్టు, స్కూళ్లు, ఆసుపత్రులు, బస్టాండ్లు, రైల్వే స్టేషన్లలో పట్టిన వీధికుక్కలను మళ్లీ అక్కడ వదలొద్దని ఆదేశించింది. మా ఇల్లు బస్టాండ్ వెనకే. పొరపాటున పెంపుడు కుక్క అందులో కలిసిపోతే ఇక తిరిగి రావడమంటూ ఉండదు, అందుకే ఇంత టెన్షన్.

బ్రిటన్‌లో 1990 చట్టం ప్రకారం బెల్టు మీద అడ్రసుంటే యజమానికి నోటీసు పంపాలి, ఏడు రోజులు ఆగాలి, పట్టిన కుక్కల రిజిస్టర్‌ను ఎవరు అడిగినా ఉచితంగా చూపించాలి. మన ఢిల్లీ మున్సిపల్ చట్టంలోనూ విడిపించుకోవడానికి వారం గడువు మాట ఉంది. మీరూ ఒక జీవో ఇవ్వండి. బెల్టున్న కుక్కను పట్టిన రోజే ఫోన్ చేయాలని, ఫొటో, టైము, స్థలం రాసి చీటీ ఇవ్వాలని, వారం దాకా ఎవరికీ ఇచ్చేయకూడదని, పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషన్ చేయకూడదని, మందులు తెస్తే తీసుకోవాలని అందులో రాయండి.

చిట్టికి కొత్త బెల్టు కొన్నాం. బిళ్ల మీద ఈసారి ఫోన్ నంబరు కింద "ఫిట్స్ ఉన్నాయి, మాత్ర వేయాలి" అని చెక్కించాం. దాన్ని చదివి తీరాలని మీ సిబ్బందికి చెప్పండి.