ఆ యాప్‌ని ఎవరి మీద పరీక్షించారో కూడా రాయండి

సంపాదకులకు నమస్కారం.

ఫోన్ దగ్గర నాలుగుసార్లు ఊపిరి పీల్చి వదిలితే చాలు, ఊపిరితిత్తుల్లో ఏముందో యాప్ చెప్పేస్తుందనే వార్తలు ఈమధ్య తరచూ కనిపిస్తున్నాయి. పిల్లాడికి ఆస్తమా ఉంది కాబట్టి మా ఇంట్లో ఇలాంటివి ఒక్కటీ వదలం. కానీ దాన్ని ఎంతమంది మీద, ఎక్కడ పరీక్షించారో మాత్రం వెతికినా దొరకదు, అసలు సంగతి అదే కదండీ.

బ్రిటన్‌లో కరోనా టైములో 67 వేల మందికి పైగా దగ్గు, ఊపిరి, మాట రికార్డు చేసి, వాళ్ల టెస్టు ఫలితాలతో జతచేసి, శబ్దం విని కరోనా ఉందో లేదో చెప్పడం కంప్యూటర్‌కి నేర్పారు. మొదట మార్కులు బాగానే వచ్చాయి. తీరా వయసు, లక్షణాలు ఒకేలా ఉన్నవాళ్లని తీసుకుని పోల్చి చూస్తే బాగా పడిపోయాయి. జ్వరముందా, దగ్గుందా అని నోటితో అడిగితే తెలిసేదానికంటే యంత్రం అదనంగా చెప్పిందేమీ లేదని 2024లో ఆ పరిశోధకులే ప్రచురించారు.

అలాగని ఇదంతా దండగ అనను. బెంగళూరులోని ఐఐఎస్‌సీ అనే సైన్సు పరిశోధన సంస్థలో, శబ్దాన్ని బట్టి కరోనాని పసిగట్టడానికి 2020లో మొదలైన కోస్వారా ప్రాజెక్టు వాళ్లు గట్టి ఊపిరి, మామూలు ఊపిరి, దగ్గు, అంకెలు లెక్కపెట్టడం విడివిడిగా రికార్డు చేసి, 2,635 మందివి ఎవరైనా సరిచూసుకునేలా బయటపెట్టారు. మరోపక్క ఈ రంగంలో చాలామంది వాడే ఇంకో రికార్డుల సెట్టు ఉంది, అది పోర్చుగల్, గ్రీస్ దేశాల్లో 126 మంది ఛాతీకి పరికరం ఆనించి తీసింది. ఫ్యాను హోరులో, పక్కింటి టీవీ మోతలో మనం ఫోన్‌తో తీసేదానికీ దానికీ పొంతనేముంది?

నిజానికి రికార్డింగు మాకు పనికొచ్చింది, కాకపోతే యాప్‌కి కాదు, డాక్టర్‌కి. మావాడికి పిల్లికూతలు అర్ధరాత్రి మొదలవుతాయి, తెల్లారి ఆస్పత్రికి వెళ్లేసరికి ఛాతీ శుభ్రంగా ఉంటుంది, మేమేదో లేనిపోనిది చెబుతున్నట్టు ఉండేది. వీడియో తీసుకురమ్మని చివరికి డాక్టర్‌గారే అన్నారు. ఫ్యాను ఆపి, చొక్కా విప్పి, ఒక నిమిషం పాటు తీస్తే కూతా వినపడుతుంది, డొక్కలు ఎగరేస్తున్నాడా లేదా కూడా తెలుస్తుంది, ఊపిరి లెక్కపెట్టుకోవచ్చు. ఏడాది నుంచి ఐదేళ్ల లోపు పిల్లలకి నిమిషానికి 40 లేదా అంతకు మించితే వేగంగా ఉన్నట్టు లెక్క. డొక్కలు ఎగరేస్తుంటే మాత్రం వీడియో సంగతి తర్వాత, ముందు ఆస్పత్రికి పరిగెత్తాలి. ఫోన్ కాల్‌లో వినిపిద్దామంటే కుదరదు, చుట్టుపక్కల రొద తగ్గించే ఏర్పాటు ఒకటి ఉంటుంది కదా, అది ఊపిరిని కూడా రొద కింద జమకట్టి మింగేస్తుంది.

కాబట్టి ఇలాంటి వార్త వేసేటప్పుడు ఎంతమంది మీద, ఏ ఊళ్లో, ఫోన్‌తోనా స్టెతస్కోపుతోనా అని ఒక్క మాట అడిగి వేయండి. రికార్డు చేసిన మా ఊపిరి ఎవరి దగ్గర ఉంటుందో, తీసేయమంటే తీసేస్తారో లేదో కూడా అడగండి.

– ఒక తండ్రి, ఖమ్మం