చిన్న పికప్‌కి డీజిల్ కావాలా? మా షెడ్డు కస్టమర్లకు ఒక మాట

కస్టమర్లందరికీ నమస్కారం. ఈ నెల నుంచి మా షెడ్డులో రెండు మార్పులు. డీపీఎఫ్ (డీజిల్ పొగలోని మసిని పట్టే ఫిల్టరు) లైటు వెలిగి వచ్చే బండికి స్కానింగ్ చార్జీ 600 రూపాయలు, రిపేరు మా దగ్గర చేయించుకున్నా లేకపోయినా. డీపీఎఫ్ పీకేసి ఖాళీ పైపు బిగించే పని మాత్రం ఎంత ఇస్తామన్నా చేయం. కారణాలు చెబుతాం. దాంతోపాటు చాలామంది అడుగుతున్న ప్రశ్నకు జవాబు కూడా: ఇన్ని తలనొప్పులున్నా చిన్న పికప్‌లలో కంపెనీలు ఇంకా డీజిల్ ఇవ్వాలా?

ఇవ్వాలి. మదనపల్లెలో టన్నున్నర టమాటా ఎత్తి తెల్లారేసరికి బెంగళూరులో దింపాల్సిన బండికి డీజిలే సరి. తక్కువ ఆర్‌పీఎంలోనే, అంటే ఇంజిన్ నెమ్మదిగా తిరిగేటప్పుడే, లాగుడు వస్తుంది, ఎత్తు మీద మాటిమాటికీ గేరు దించక్కర్లేదు. లీటరుకు లీటరు చూస్తే పెట్రోలు కంటే డీజిల్‌లో శక్తి పది శాతానికి పైగా ఎక్కువ. అమెరికాలో ఫోర్డ్ ఎఫ్-150 పికప్‌కి డీజిల్ 2018లో వచ్చి 2021తో ఆగిపోయింది కదా అంటున్నారు. అక్కడ ఆ బండ్లు చాలావరకు సొంత వాడకానివి, ఇక్కడ పికప్ అంటే బతుకుతెరువు.

కానీ బెంగళూరు కలాసిపాళ్యలో సరుకెక్కించి జయనగర్, బీటీఎం కిరాణా కొట్ల చుట్టూ రోజుకు 30 కిలోమీటర్లు తిరిగే బండికి డీజిల్ కొనొద్దు. సీఎన్‌జీ తీసుకోండి. మారుతి సూపర్ క్యారీ 2016లో 793 సీసీ డీజిల్‌తో వచ్చింది, బీఎస్‌6 పొగ నిబంధనలతో డీజిల్ వదిలేసి పెట్రోలు, సీఎన్‌జీలకు మారింది. ఊళ్లో డెలివరీకి అది సరైన దారే.

తేడా అంతా డీపీఎఫ్‌లోనే ఉంది. 2020 ఏప్రిల్ 1న బీఎస్‌6 వచ్చాక పొగలోని మసిని ఈ ఫిల్టరు పట్టి ఉంచుతోంది. అది నిండేకొద్దీ ఇంజిన్ తనే కాస్త ఎక్కువ డీజిల్ చల్లి, ఫిల్టరును 600 డిగ్రీల దాకా వేడెక్కించి మసిని కాల్చేస్తుంది. ఇదే రీజనరేషన్. రోడ్డు ఖాళీగా ఉండి 15-20 నిమిషాలు ఆగకుండా నడిస్తే పని అయిపోతుంది. సిల్క్ బోర్డు ట్రాఫిక్‌లో ఆ వేడి నిలవదు. మధ్యలో ఇంజిన్ ఆపితే పని సగంలో ఆగి, మళ్లీ మొదటికొస్తుంది. ప్రతిసారీ కొంత డీజిల్ సిలిండర్ గోడల మీదుగా జారి ఆయిల్లో కలుస్తుంది. ఆయిల్ మట్టం చూసే డిప్‌స్టిక్ మీద ఆయిల్ మ్యాక్స్ గీత దాటిందంటే డీజిల్ కలిసిందని అనుమానించాలి. పల్చబడ్డ ఆయిల్‌తో నడిపితే ఇంజిన్‌లోకి గాలి నెట్టే టర్బో బేరింగులు అరిగిపోతాయి. కిలోమీటర్లు పూర్తికాకపోయినా అప్పుడే ఆయిల్ మార్చేయాలి.

ఐడ్లింగ్ పెరిగి, ఫ్యాను ఆగకుండా తిరుగుతూ, వేడి వాసన వస్తుంటే రీజనరేషన్ నడుస్తోందన్నమాట. ఇంజిన్ ఆపకండి. ఎండుగడ్డి మీద, చెత్త మీద బండి నిలపకండి, అంటుకుంటుంది. ఇప్పటికే డీజిల్ బండి కొని ఊళ్లోనే తిప్పుతున్నవాళ్లు వారానికోసారి నైస్ రోడ్డో తుమకూరు రోడ్డో ఎక్కి, ఒక గేరు తక్కువలో, 2,000 ఆర్‌పీఎం పైన అరగంట నడపండి.

మసి కాలుతుంది, బూడిద కాలదు. ఆ బూడిద ఎక్కువగా ఇంజిన్ ఆయిల్ నుంచే వస్తుంది. అందుకే లూజు ఆయిల్ వద్దు. మాన్యువల్లో రాసిన గ్రేడు, అదీ తక్కువ బూడిదనిచ్చే లో-శాప్స్ రకమే పోయించండి. బూడిదతో నిండిన ఫిల్టరును విప్పి శుభ్రం చేయాల్సిందే, వేరే దారి లేదు.

డెఫ్ ట్యాంకు ఉన్న బండ్లకు ఇంకో మాట. డెఫ్ అంటే పొగలోని నైట్రోజన్ ఆక్సైడ్లు తగ్గించడానికి వాడే ద్రవం: 32.5 శాతం శుద్ధమైన యూరియా, మిగతాది ఖనిజాలు తీసేసిన నీళ్లు. పొలానికి వేసే యూరియాకు వేపనూనె పూత ఉంటుంది. దాన్ని కరిగించి పోస్తే డెఫ్ ఇంజెక్టరు గడ్డకట్టి పోతుంది, వెనకాల పొగను శుద్ధి చేసే కేటలిస్టు కూడా పాడవుతుంది.

ఇక స్కానింగ్ చార్జీ. లైటు వెలగగానే ఫోర్స్‌డ్ రీజనరేషన్, అంటే షెడ్డులోనే బలవంతంగా మసి కాల్చడం, చేసేయమంటారు. తొందరపడితే ఫిల్టరుకే ముప్పు. ముందు ప్రెజర్ సెన్సర్ చూడాలి. ఇంజిన్ ఆపి తాళం ఆన్ చేస్తే రీడింగ్ సున్నా దగ్గర ఉండాలి. లేదంటే తప్పు సెన్సర్‌దో, దాని సన్న గొట్టానిదో, ఫిల్టరుది కాదు. తర్వాత ఇంజెక్టర్ల లీకు, పొగలో కొంత మళ్లీ ఇంజిన్‌లోకి పంపే ఈజీఆర్, వేడి సెన్సర్లు. అసలు జబ్బు వదిలేసి మసి ఒక్కటీ కాలిస్తే కొన్నాళ్లకే లైటు మళ్లీ వస్తుంది. మసి మరీ ఎక్కువైనప్పుడు బలవంతంగా కాలిస్తే లోపలి సిరామిక్ పగులుతుంది. ఇవన్నీ చూడటానికి గంట పడుతుంది, ఆ గంటకే 600.

డీపీఎఫ్ పీకేస్తే పొగ నేరుగా బయటికి వస్తుంది. దాన్ని పీల్చేది వెనక స్కూటర్ మీద పిల్లల్ని ఎక్కించుకున్నవాళ్లు. కంపెనీ స్పెసిఫికేషన్ దాటి బండిని మార్చడం మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్‌కు విరుద్ధం కూడా.

ఫోర్స్‌డ్ రీజనరేషన్ అవసరమైన బండ్లను మధ్యాహ్నం 2 నుంచి 4 మధ్య తీసుకురండి. లోడు దింపేసి, ట్యాంకులో కనీసం పావు వంతు డీజిల్‌తో రావాలి. చివరిసారి పోసిన ఆయిల్ బిల్లు కూడా తెస్తే మాకు సగం పని తగ్గుతుంది.