మా క్లబ్బు సీఈఓ గారి పని ఏమిటి? క్రీడల మంత్రిగారికి పర్లాకిమిడి ఫుట్‌బాల్ అభిమానుల బహిరంగ లేఖ

ఒడిశా రాష్ట్ర క్రీడలు, యువజన సేవల శాఖ గౌరవ మంత్రివర్యులకు,

నమస్కారములు.

అయ్యా,

గజపతి జిల్లా పర్లాకిమిడిలోనూ, సరిహద్దు దాటగానే వచ్చే శ్రీకాకుళం జిల్లా పాతపట్నంలోనూ నివసిస్తూ, ఒకే క్లబ్బు ఆటను ఏళ్ల తరబడి చూస్తూ వస్తున్న అభిమానులం ఈ లేఖ రాస్తున్నాము. దీని ఒడియా ప్రతిని తమ కార్యాలయానికి స్పీడ్ పోస్టులో విడిగా పంపాము. తెలుగులోనూ ప్రకటించడానికి కారణం ఒక్కటే: మా మైదానంలో మెట్ల మీద కూర్చునే వారిలో చాలామంది ఇంట్లో చదువుకునేది తెలుగు. గిడుగు రామమూర్తి పంతులుగారు పాఠాలు చెప్పిన ఊరి నుంచి ఇంత బిగింపు భాషలో అర్జీ వెళ్లడం ఆయనకు నచ్చి ఉండేది కాదేమో గానీ, మంత్రిగారికి రాసే కాగితం కాబట్టి మన్నించాలి.

విషయంలోకి వస్తాము. మా క్లబ్బు సొసైటీగా రిజిస్టరైన సంస్థ. ఆడేది ప్రభుత్వ మైదానంలో, నామమాత్రపు అద్దెకు. మూడు సీజన్ల క్రితం వరకు క్లబ్బు పనులన్నీ కార్యదర్శి చూసేవారు. ఆయన్ను సభ్యులు ఎన్నుకునేవారు. కోపం వస్తే బజారులో టీ కొట్టు దగ్గర నిలబెట్టి అడిగేవారు. ఆయన కూడా అక్కడే, టీ గ్లాసు చేతిలో ఉండగానే, జవాబు చెప్పేవారు. ఆ తరువాత ఒక స్పాన్సరు వచ్చారు. స్పాన్సరుతో పాటు 'ముఖ్య కార్యనిర్వహణాధికారి' అనే పదవి వచ్చింది. అందరూ సీఈఓ అంటున్నారు కాబట్టి మేమూ ఆ మాటే వాడతాము. ఆ పదవిలో ఉన్నవారి పేరు గానీ, క్లబ్బు పేరు గానీ ఇక్కడ రాయడం లేదు. తమకు పంపిన ప్రతిలో ఉన్నాయి. మా ప్రశ్న మనిషి గురించి కాదు, కుర్చీ గురించి.

ఈ మూడు సీజన్లలో జరిగిన వాటిలో మమ్మల్ని ఎక్కువ కలచివేసిన రెండింటినే చెబుతాము. మొదటిది, పదహారేళ్ల లోపు పిల్లల జట్టును ఎత్తివేయడం. ఆ జట్టులో సగానికి పైగా గుమ్మ, సెరంగో వైపు కొండ ఊళ్ల నుంచి వచ్చే సవర పిల్లలు. శనివారం మధ్యాహ్నం బస్సు దిగి, బూట్లు మెడలో వేసుకుని, మైదానం దాకా నడిచివచ్చి, తడి నేల మీద కాసేపు ఒట్టికాళ్లతో ఆడి, కోచ్ ఈల వేసిన తరువాతే బూట్లు తొడుక్కునేవారు, అరుగుతాయని. ఒక శనివారం వారు వచ్చేసరికి గేటుకు తాళం ఉంది. తాళం పక్కన అంటించిన కాగితంలో 'పునర్వ్యవస్థీకరణ కారణంగా' అని ఇంగ్లీషులో ఒక వాక్యం, కింద సీఈఓ సంతకం. ఆ వాక్యానికి అర్థం ఏమిటని ఆ పిల్లల్లో ఒకడు అడిగినప్పుడు మాలో ఎవ్వరం సరిగ్గా చెప్పలేకపోయాము. తిరుగు బస్సుకు ఇంకా రెండు గంటలు ఉండడంతో వారు గోడ పక్కనే కూర్చున్నారు.

రెండవది, వచ్చే సీజన్‌లో సొంత మైదానం మ్యాచ్‌లలో సగం బరంపురంలో ఆడతామన్న ప్రకటన. మాకు బరంపురం అంటే మూడు నాలుగు గంటల బస్సు ప్రయాణం. సాయంత్రం ఆట చూసి రాత్రికి ఇల్లు చేరడం అందరికీ కుదిరే పని కాదు. ఏడాది కార్డులు అమ్మినప్పుడు ఈ సంగతి చెప్పలేదు. కార్డు వెనుక 'అన్ని సొంత మ్యాచ్‌లకు ప్రవేశం' అని అచ్చు వేసి ఉంది. అది అబద్ధం కాదనీ, బరంపురంలో ఆడినా సొంత మ్యాచే అవుతుందనీ క్లబ్బు కార్యాలయంలో మాకు చెప్పారు. తెలుగులో సొంతిల్లు అనే మాటకు మేము నేర్చుకున్న అర్థం వేరు.

ఈ రెండు నిర్ణయాలు ఎవరు తీసుకున్నారు? అధ్యక్షులను అడిగితే, రోజువారీ వ్యవహారాలన్నీ సీఈఓ చేతిలో ఉన్నాయని అన్నారు. సీఈఓ గారు మాలో నలుగురికి ఇరవై నిమిషాలు సమయం ఇచ్చారు. మర్యాదగానే మాట్లాడారు, టీ కూడా తెప్పించారు. అయితే ప్రతి ప్రశ్నకూ 'అది పాలకవర్గ నిర్ణయం, నేను అమలు చేసే ఉద్యోగిని మాత్రమే' అన్నదే జవాబు. పాలకవర్గ సభ్యుల్లో ఒకరు మా వీధివారే కావడంతో ఇంటికి వెళ్లి అడిగితే, గత ఏడాదిలో సమావేశం ఒక్కసారే జరిగిందనీ, పిల్లల జట్టు ప్రస్తావనే అందులో రాలేదనీ, మైదానం మార్పు సంగతి తానూ వాట్సాప్‌లోనే చూశాననీ చెప్పారు. ముగ్గురిలో ఎవరూ అబద్ధం చెప్పారని మేము అనడం లేదు. ఎవరి పని ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో కాగితం మీద లేనప్పుడు ముగ్గురూ నిజం చెబుతూనే ఒకరినొకరు చూపించుకోగలరు.

కాగితం లేదని ఊరికే అనడం లేదు, వెళ్లి చూశాము. 1860 నాటి సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం పాతదే అయినా మా వంటివారికి పనికొచ్చే సెక్షన్లు రెండు అందులో ఉన్నాయి. నాలుగవ సెక్షన్ ప్రకారం పాలకవర్గం పేర్లు, చిరునామాలు, వృత్తులతో జాబితాను ఏటా రిజిస్ట్రారుకు దాఖలు చేయాలి. పంతొమ్మిదవ సెక్షన్ ప్రకారం దాఖలైన పత్రాలను ఎవరైనా సరే రుసుము కట్టి చూడవచ్చు. మూల చట్టంలో ఆ రుసుము ఒక్క రూపాయి. మా క్లబ్బు దస్త్రం కట్ట విప్పితే చివరి జాబితాలో అధ్యక్షులు ఉన్నారు, కార్యదర్శి ఉన్నారు, కోశాధికారి ఉన్నారు. కార్యదర్శి మూడేళ్ల క్రితమే తప్పుకున్నవారు. సీఈఓ అన్న మాట జాబితాలో లేదు, నియమావళిలోనూ లేదు. ఆటగాళ్లతో ఒప్పందాలపై, బ్యాంకు చెక్కులపై, పిల్లల గేటుకు అంటించిన కాగితంపై సంతకం చేస్తున్న పదవి క్లబ్బు రాసుకున్న రాజ్యాంగంలోనే లేదు.

న్యాయంగా చెప్పవలసినవీ ఉన్నాయి. సీఈఓ గారు వచ్చాక ఆటగాళ్ల జీతం నగదుగా కాక బ్యాంకు ఖాతాలో పడుతోంది. ఆడవాళ్లకు మరుగుదొడ్డి కట్టించారు. అంతకు ముందు మా ఇళ్లలోని ఆడపిల్లలు ఆట సగంలోనే ఇంటికి వచ్చేసేవారు. మ్యాచ్ రోజున అంబులెన్సు నిలబడుతోంది. ఆయన బయటి ఊరివారని కొందరు కుర్రాళ్లు గోడల మీద రాసిన రాతలను మేమే దగ్గరుండి చెరిపించాము. 1936లో రాష్ట్రం ఏర్పడినప్పుడు గీసిన గీతకు ఇటు సగం, అటు సగం చుట్టాలున్న ఊరు మాది. ఇక్కడ ఎవరు స్థానికులు, ఎవరు కారు అని లెక్కపెట్టడం మొదలుపెడితే సగం ఇళ్లు ఖాళీ చేయవలసి వస్తుంది. అనుభవం ఉన్న ఉద్యోగి క్లబ్బుకు అవసరమే. ఆ ఉద్యోగిని నియమించేది ఎవరు, ఆయన దేనిని స్వయంగా నిర్ణయించవచ్చు, దేనికి పాలకవర్గం తీర్మానం కావాలి, దేనికి సభ్యుల సమావేశం కావాలి అన్నదే మా ప్రశ్న.

చిన్న ఊరి క్లబ్బు గొడవకు ఇంత హంగామా ఎందుకని తమ అధికారులకు అనిపించవచ్చు. పెద్ద ఊళ్లలో జరిగినవి చూసే మాకు భయం పట్టుకుంది. 2019లో ఢిల్లీ డైనమోస్ భువనేశ్వర్‌కు తరలివచ్చి ఒడిశా ఎఫ్‌సీ అయినప్పుడు మేము పండుగ చేసుకున్నాము. ఢిల్లీలో ఆ జట్టును చూసుకుంటూ వచ్చిన అభిమానుల సంగతి ఆ రోజు మాకు తట్టలేదు. నిజం ఒప్పుకోవాలి. అదే ఏడాది పుణె క్లబ్బు స్థానంలో హైదరాబాద్ ఎఫ్‌సీ వచ్చింది. ఆ జట్టు 2022 మార్చిలో గోవాలోని ఫతోర్దాలో కేరళ బ్లాస్టర్స్‌ను పెనాల్టీలలో ఓడించి ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్‌ఎల్) కప్పు అందుకున్న రాత్రి పర్లాకిమిడిలో కూడా టపాసులు పేలాయి. 2025లో ఆ క్లబ్బు ఢిల్లీకి వెళ్లి పేరు మార్చుకుంది. రహీం సాబ్ ఊరు, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం, 1962 ఆసియా క్రీడల్లో స్వర్ణం మన జాతీయ జట్టుకు తెచ్చిన శిక్షకుడి ఊరు హైదరాబాద్, మళ్లీ ఐఎస్‌ఎల్ జట్టు లేకుండా మిగిలింది. అంత ఊరికే అలా అయితే, మా మ్యాచ్‌లు సగం బరంపురం వెళ్లాక మిగతా సగం ఇక్కడే ఉంటాయని నమ్మడం ఎలా?

బయటి దేశాల సంగతీ తమ శాఖకు తెలియనిది కాదు. ఇంగ్లండులో 1885లో పుట్టిన బరీ క్లబ్బును డబ్బు చిక్కుల వల్ల 2019 ఆగస్టులో లీగు నుంచి తొలగించారు. 2021 ఏప్రిల్‌లో ఆరు పెద్ద క్లబ్బులు అభిమానులకు చెప్పకుండా యూరోపియన్ సూపర్ లీగులో చేరబోయి, వారు వీధుల్లోకి రావడంతో రెండు మూడు రోజుల్లోనే వెనక్కి తగ్గాయి. ఆ తరువాత అక్కడి ప్రభుత్వం వేయించిన సమీక్ష చివరికి 2025లో ఫుట్‌బాల్ పాలన చట్టంగా రూపుదిద్దుకుంది. యజమానులు, డైరెక్టర్లతో పాటు సీనియర్ ఎగ్జిక్యూటివ్‌లు కూడా ఆ పదవికి తగినవారా కాదా అని స్వతంత్ర నియంత్రణ సంస్థ పరీక్షించేందుకు ఆ చట్టం వీలు కల్పించింది. మైదానం మార్చడం వంటి ముఖ్య విషయాల్లో అభిమానులను సంప్రదించే బాధ్యత క్లబ్బుపై పెట్టింది. జర్మనీలో ఎక్కువ క్లబ్బులలో ఓటింగ్ హక్కుల్లో సగానికి మించిన వాటా సభ్యుల చేతిలోనే ఉండాలన్న నియమం ఉంది. మన దేశంలో జస్టిస్ ఎల్. నాగేశ్వరరావు గారు తయారుచేసిన అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య నియమావళిని 2025 సెప్టెంబరులో సుప్రీంకోర్టు ఆమోదించింది. సమాఖ్య పాలనలో మాజీ ఆటగాళ్లకు చోటు దొరికింది. ఆ వెలుగు ఢిల్లీ నుంచి మా ఊరి మహేంద్రతనయ నది ఒడ్డు దాకా రావడానికి ఎన్నేళ్లు పడుతుందో చెప్పలేము కాబట్టి తమను అడుగుతున్నాము.

సీఈఓను తీసివేయమని అడగడం లేదు. అలా అడగకూడదన్న సంగతి మాకు 2022లోనే తెలిసింది. ఆ ఏడాది ఆగస్టులో బయటివారి జోక్యం కారణం చూపి ప్రపంచ ఫుట్‌బాల్ సంస్థ ఫిఫా మన సమాఖ్యను సస్పెండు చేసినప్పుడు, అక్టోబరులో భువనేశ్వర్‌లో కూడా జరగవలసిన పదిహేడేళ్ల లోపు బాలికల ప్రపంచకప్పు పోయిందనే అనుకున్నాము. పదిహేను రోజులు గడవకముందే సస్పెన్షన్ ఎత్తివేశారు. కళింగ స్టేడియంలో మన పిల్లలు అమెరికా చేతిలో 8-0 తేడాతో ఓడిపోతుంటే, చివరి నిమిషం వరకు నిలబడి చప్పట్లు కొట్టినవారిలో మేమూ ఉన్నాము. క్లబ్బును ఎవరు నడపాలో ప్రభుత్వం చెప్పనక్కరలేదు. మైదానం మాత్రం ప్రభుత్వానిది. ఆ మైదానం వాడకపు ఒప్పందం మార్చి నెలాఖరుకు ముగుస్తుంది, మళ్లీ రాసుకోవాలి. ఇంటి యజమాని అద్దెకు ఇచ్చేటప్పుడు ఎవరెవరు ఉంటారని అడగడం జోక్యం కాదు కదా.

కాబట్టి ఆ ఒప్పందంలో కొన్ని మాటలు చేర్పించవలసిందిగా కోరుతున్నాము. సీఈఓ పదవి ఉంటే దాని అధికారాలు, ఆ పదవి ఎవరికి జవాబు చెప్పాలన్నది నియమావళిలో రాసి, సభ్యుల సమావేశంలో ఆమోదం పొంది, రిజిస్ట్రారు వద్ద దాఖలు చేసిన తరువాతే మైదానం ఇవ్వాలి. సొంత మ్యాచ్‌లను వేరే ఊరికి తరలించాలన్నా, పిల్లల జట్టును ఎత్తివేయాలన్నా ముందుగా ఒక బహిరంగ సమావేశం జరిపి, అందులో ఒడియాలోనూ తెలుగులోనూ సవర భాషలోనూ కారణాలు చెప్పాలి. ఆ సమావేశానికి పాతపట్నం వారిని కూడా రానివ్వాలి. వారికి ఈ రాష్ట్రంలో ఓటు లేదు; వాన పడినా గొడుగు పట్టుకుని సరిహద్దు దాటి వచ్చి టిక్కెట్టు కొంటున్నారు. స్పాన్సరు ఇచ్చే డబ్బు ఎంత, ఏ షరతు మీద అన్నది కూడా బయటపెడితే మంచిదే గానీ, అది వ్యాపార రహస్యమంటారని తెలుసు కాబట్టి దాని మీద పట్టుబట్టడం లేదు. మాలో కొందరికి ఈ మెతకదనం నచ్చలేదని కూడా ఇక్కడే చెప్పాలి.

ఈ లేఖతో పాటు సంతకాల పత్రం, కార్డు రెండు వైపులా తీసిన నకలు, గేటుకు అంటించిన కాగితం ఫొటో జతచేశాము. ఆ ఫొటోలో ఎడమవైపు కొసన గోడకు ఆనుకుని కూర్చున్న ఇద్దరు పిల్లల మొహాలు కనబడకుండా నలుపు చేశాము. వారిద్దరూ ఇప్పటికీ శనివారాలు వస్తున్నారు. మైదానం వెనుక, ఎండిన చెరువు మడిలో, నాలుగు ఇటుకలు పెట్టుకుని ఆడుతున్నారు. మార్చి నెలాఖరులోగా తమ శాఖ నుంచి ఎవరైనా వస్తే ఆ మడి కూడా చూపిస్తాము.

ఇట్లు,
భవదీయులు,
పర్లాకిమిడి, పాతపట్నం ఫుట్‌బాల్ అభిమానులు