నాలుగో బల్ల మీద బోర్డు

బరంపురం, శనివారం

ఒరేయ్ సూర్యం,

నీ ఉత్తరం వచ్చి నెల దాటింది. తిట్టుకో, పడతాను. అమ్మ మోకాళ్లు కాస్త నయం, పెద్దవాడు పరీక్షల్లో గట్టెక్కాడు, ఇంటికి సున్నాలు వేయించాం. ఇక అసలు సంగతి విను.

మన టీ హోటల్లో "రాజకీయాలు మాట్లాడరాదు" అని బోర్డు పెట్టారురా! తెలుగులో ఒకటి, ఒడియాలో ఒకటి. అదీ ఎక్కడ? నాలుగో బల్ల మీద, నీ జీడిపప్పు సత్యాగ్రహం జరిగిన చోటే! నాకు ఒళ్లు మండింది. గల్లా దగ్గరికి వెళ్లి రాజ్యాంగం, వాక్స్వాతంత్ర్యమిచ్చే పంతొమ్మిదో అధికరణం అంటూ ఉపన్యాసం అందుకున్నాను.

పక్క బల్ల నుంచి ప్లీడరు తాతగారు (సాసర్లో టీ ఊదుకుంటూ తాగే ఆయనే) "కూర్చో నాయనా, ఆ అధికరణానికి తోక కూడా ఉంది" అన్నారు. ఇక గంటసేపు వదల్లేదు. 1908లో బెజవాడ 'స్వరాజ్య' పత్రికలో రాసిన రాతకు గాడిచర్ల హరిసర్వోత్తమరావును రాజద్రోహమని జైల్లో పెట్టారు. మన ఊరూ అప్పుడు మద్రాసు కిందే కదా, 1936 దాకా. ఆ రోజుల్లో వాక్స్వాతంత్ర్యమంటే దొరను నిలదీయడం. దొర వెళ్లాక? 1950లో మద్రాసు ప్రభుత్వం బొంబాయి వారపత్రిక 'క్రాస్ రోడ్స్'ను రాష్ట్రంలోకి రానివ్వలేదు. సుప్రీంకోర్టు ఆ ఉత్తర్వును కొట్టేసింది. మరుసటి ఏడాదే మొదటి సవరణ వచ్చింది: ప్రజాశాంతి పేరుతో ఆంక్షలు పెట్టవచ్చు, కాకపోతే అవి సహేతుకంగా ఉండాలి. "జైలుకు వెళ్లి వచ్చినవాళ్లే తోక తగిలించారు" అని తాతగారు నవ్వారు. నాకు నవ్వు రాలేదు.

ఎమర్జెన్సీలోనూ ఇదే గోడకు ఇలాంటి బోర్డు ఉండేదట. మఫ్టీలో ఎవరైనా వింటున్నారేమోనని భయం. మరి ఇప్పుడెవరి భయం అని అడిగాను. హోటలాయన చిల్లర లెక్కపెడుతూనే, "పోలీసులు కాదండీ. మొన్న బావా బావమరుదులు ఫోనులో ఏదో చూసి గ్లాసులు విసురుకున్నారు. ఆరు పగిలాయి" అన్నాడు.

నా నోరు పడిపోయింది. ఎందుకంటే కిందటి నెల మా చిన్నబావను ఇంటి వాట్సాప్ గ్రూపు నుంచి తీసేసింది నేనే. ఏం రాశాడంటే... వద్దులే. చూశావా, నీకు రాయడానికి కూడా వెనకాడుతున్నాను!

అన్నట్టు, బోర్డు కింద ఎవరో పెన్సిల్‌తో "క్రికెట్ కూడా" అని చేర్చారు. దస్తూరీ తాతగారిదేనని నా అనుమానం.

నాలుగింటికి తపాలా డబ్బా తెరుస్తారు, ఇప్పుడు మూడూ యాభై. బావకు ఫోను చేయాలా, లేక వాడే చేసేదాకా... సరే, పరుగెత్తాలి.

నీ
గోపి