గుండె అతుకు వార్త వేయండి, ఆ ప్రకటన మాత్రం వద్దు

సంపాదకుడు గారికి,

దెబ్బతిన్న గుండెకు ల్యాబ్‌లో పెంచిన కండతో అతుకు వేసే పరిశోధన మీద మీ ఆదివారం సంచికలో వచ్చిన వ్యాసం బాగుంది. కానీ అదే వారం జిల్లా ఎడిషన్‌లో ‘స్టెమ్ సెల్స్‌తో గుండెకు కొత్త జీవం’ అంటూ హైదరాబాద్ క్లినిక్ ఒకటి ఇచ్చిన ప్రకటన కూడా వేశారు. స్టెమ్ సెల్స్ అంటే వేరే రకం కణాలుగా మారగల మూలకణాలు. రెండూ చదివినవాళ్లకు అవి ఒకటే అనిపిస్తున్నాయి. నా ఫిర్యాదు ఆ ప్రకటన మీదే.

దేవరకొండలో నాకు మెడికల్ షాపు ఉంది. డిండి దిక్కు నుంచి ఒక రైతు మందులకు వస్తుంటాడు. గుండెపోటు వచ్చి స్టెంట్ వేయించుకున్నా పంపింగ్ ముప్పై శాతం దాటలేదు, నాలుగడుగులు వేస్తే ఆయాసం. మొన్న వచ్చి ఎకో రిపోర్టు మడతలోంచి రెండు కాగితాలు తీశాడు. ఒకటి మీ వ్యాసం కత్తిరించి పెట్టుకున్నది, ఇంకోటి ఆ క్లినిక్ కరపత్రం. మెరిసే కాగితం, ఎర్రటి గుండె బొమ్మ, కింద ‘ఆపరేషన్ లేదు, కోత లేదు, మీ సొంత కణాలే’ అని. “పేపర్ల గూడ పడ్డది గద సారూ, అబద్ధం ఎందుకైతది? ఎకరం అమ్మితే సరిపోతదన్నరు” అన్నాడు. ఎప్పుడూ నెలకు సరిపడా గోలీలు తీసుకుపోయే మనిషి ఆ రోజు ఒక్క షీటే చాలన్నాడు. సూది పడ్డాక గోలీల పని ఉండదని అక్కడెవరో చెప్పారట. నాకు ఎకరం కన్నా ఆ మాటే ఎక్కువ టెన్షన్ పెట్టింది. అతని చీటీలో ఉన్న డాపాగ్లిఫ్లోజిన్ అనే గోలీ 2020లో పేటెంట్ అయిపోయాకే మా దగ్గర మామూలు జనానికి అందే ధరకు దిగింది. ప్రాణం నిలిపే మందు అది. ఇప్పుడు దాన్ని మానుకోమంటున్నారు!

అసలు సంగతి ఇది. స్టెంట్ మూసుకుపోయిన రక్తనాళాన్ని తెరుస్తుంది, అప్పటికే చచ్చిన కండను లేపదు. పెద్ద గుండెపోటులో వంద కోట్ల దాకా కండ కణాలు పోతాయని అంచనా. పాతికేళ్ల వయసులో కూడా ఏడాదికి ఒక శాతం కణాలే కొత్తగా పుడతాయి, ముసలితనానికి అందులో సగం కూడా ఉండవు. అందుకే పోయినచోట మచ్చ కడుతుంది, ఆ మచ్చ కొట్టుకోదు.

జపాన్‌కు చెందిన షిన్యా యమనాకా మామూలు కణాన్ని వెనక్కి తిప్పి, ఏ కణంగానైనా మారగల స్థితికి తేవచ్చని 2006లో ఎలుక కణాలతో చూపించాడు. 2012లో నోబెల్ వచ్చింది. అలాంటి కణాల నుంచే జర్మనీలోని గోటింగెన్ బృందం గుండె కండను పెంచి, కొల్లాజెన్ అనే ప్రోటీన్ జెల్‌లో కలిపి అతుకులు చేసింది. ముందు కోతులకు వేసి చూశారు. తర్వాత 46 ఏళ్ల మహిళకు 40 కోట్ల కణాలున్న అతుకులను గుండె మీద కుట్టారు. మూడు నెలలకు ఆమెకు దాత గుండె దొరికింది. తీసేసిన పాత గుండెను పరీక్షిస్తే అతుకు బతికే ఉంది, దానిలోకి రక్తనాళాలు కూడా పెరిగాయి. ఇది 2025 జనవరిలో ‘నేచర్’ పత్రికలో వచ్చింది. పెద్ద విజయమే, కాదనను. కానీ ఆమెకు చివరికి కావలసి వచ్చింది దాత గుండే. పైగా కణాలు వేరేవాళ్లవి కాబట్టి ఒంటి రోగనిరోధక శక్తిని అణిచే మందులు వాడాలి, గుండె లయ తప్పకుండా కనిపెట్టుకోవాలి. ఇంకా ట్రయల్స్ దశే.

మరి ఆ క్లినిక్ చేసేదేమిటి? తుంటి ఎముకలోంచి మూలుగ తీసి సూదితో ఎక్కించడం. మూలుగ కణాలు గుండె కండగా మారతాయని 2001లో అమెరికాలో పనిచేసిన శాస్త్రవేత్త పియెరో అన్వర్సా బృందం చెప్పింది. 2004లో వేరే ల్యాబులు చేసి చూస్తే మారలేదు. 2018లో ఆయన ల్యాబ్ పరిశోధన పత్రాలు 31 వెనక్కి తీసుకోవాలని ఆయన పనిచేసిన హార్వర్డ్ యూనివర్సిటీయే కోరింది. అక్కడ ఎప్పుడో తేలిపోయిన సరుకును ఇక్కడ ఎకరం లెక్కన అమ్ముతున్నారు.

భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2017 మార్గదర్శకాల ప్రకారం కొన్ని రక్త సంబంధ జబ్బులకు తప్ప మూలకణ చికిత్సకు ఆమోదం లేదు. మిగతాదంతా అనుమతి తీసుకున్న ట్రయల్‌గానే చేయాలి, రోగి దగ్గర డబ్బు తీసుకోకూడదు. ఇక 1954 నాటి డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమెడీస్ చట్టం నయం చేస్తామని ప్రచారం చేయకూడదన్న జబ్బుల జాబితాలో గుండె జబ్బులూ ఉన్నాయి. అలాంటి ప్రకటన ప్రచురణలో ఎవరూ పాలుపంచుకోకూడదన్నది ఆ చట్టం మాట. ఇచ్చినవాళ్లతో పాటు వేసినవాళ్లూ అందులోకి వస్తారని నేను మీకు చెప్పనక్కర్లేదు.

2022లో హైదరాబాద్‌లోనే ఎల్వీ ప్రసాద్ కంటి ఆస్పత్రి, ఐఐటీ, కణ పరిశోధన సంస్థ సీసీఎంబీ కలిసి 3డి ప్రింటింగ్‌తో కార్నియా (కంటి ముందుండే పారదర్శక పొర) తయారుచేసినప్పుడు, కుందేలుకు పెట్టామని ఉన్నదున్నట్టు చెప్పారు. మీరు కూడా ఇలాంటి వార్తల్లో ఇది కోతుల దాకా వచ్చిందా, మనుషుల దాకా వచ్చిందా, ఎందరికి చేశారన్నది శీర్షిక కిందే వేయండి. లోపలెక్కడో ఆఖరి పేరాలో ఉంటే మా దగ్గర ఎవరూ అంతదూరం చదవరు.

ఆ ప్రకటన కింద వచ్చే నెల మిర్యాలగూడలో ఒక ఫంక్షన్ హాల్లో ఉచిత శిబిరం అని తేదీ కూడా ఉంది. జిల్లా వైద్యాధికారి ఆ తేదీలోపే వాళ్ల అనుమతి పత్రాలు అడగాలి. ఈ లేఖను మీరు అంతకు ముందే వేయగలిగితే మేలు.

– ఒక మెడికల్ షాపు యజమాని,
దేవరకొండ, నల్గొండ జిల్లా